ఒంటి సామచేను

మొగుడు కామేష్ పోయిన ఏడాదే అల్లం కూడా పోయింది. మిగిలిన దుంపలైనా తవ్వుకుందామని గంగ గునపం వేస్తే, జానెడు దిగకుండానే ఖంగుమని రాయి తగిలింది. పక్కన వేసింది. అక్కడా రాయే. పైకి వచ్చిన దుంపలు చేతిలో పట్టుకుంటే మెత్తగా నలిగి కుళ్ళు వాసన వేశాయి. గునపం పక్కన పెట్టి ఆమె తమ గరువు మధ్యలో, ఆ మెట్టనేల మీద కూర్చుంది. కొండవాలు పొడుగునా రాళ్ళు బయటపడి ఉన్నాయి. వాటి మధ్య మిగిలిన మన్ను ఎర్రగా, గట్టిగా, కాలిన పెంకులాగ ఉంది.

గంగ ఊరు నేరెళ్ళపుట్టు. అనంతగిరి తారురోడ్డు వదిలి కాఫీతోటల మధ్య నుంచి పైకి నడిస్తే వస్తుంది. ఆమె కోడలిగా వచ్చిన రోజుల్లో ఆ గరువులో సామలు, చోళ్ళు, కందులు కలిపి చల్లేవారు. చేలోకి దిగితే నడుముదాకా మునిగిపోయేది. ఆ తరువాత సంతలో అల్లానికి గిరాకీ పెరిగింది. ఊరంతా అల్లం వేశారు, కామేష్ కూడా వేశాడు. మొదట్లో బాగానే పండింది. కానీ అల్లం నాటాలంటే ఎండల్లోనే నేలంతా తిరగెయ్యాలి. తిరగేసిన నేల మీద కొండవాన పడితే మన్ను కిందనున్న గెడ్డవాగులోకి దిగిపోతుంది. ఏటా కొంచెం కొంచెంగా పోయింది కనక ఎవరికీ పోయినట్టు తెలియలేదు.

కామేష్ వానాకాలంలో జ్వరం తలకెక్కి పోయాడు. అనంతగిరికి మోసుకెళ్తుంటే దారిలోనే ఊపిరి ఆగింది. వాళ్ళకి పిల్లలు లేరు. ఊళ్ళో ఒక పెంకుటిల్లు, కొండ మీద ఆ గరువు, చుక్క అని పిలిచే ఒక ఎర్రావు గంగకి మిగిలాయి.

ఇంకా అచ్చియమ్మ ఉంది. కామేష్‌కి వరసకి అన్న అయిన సోంబరు పెళ్ళాం ఆమె. గంగ కన్నా పదేళ్ళు పెద్దది, మాట గట్టిది, చుట్ట అడ్డపొగ పెట్టుకుని ఎంత పనైనా చేస్తుంది. గంగ గరువుకి సరిగ్గా కింద, గెడ్డ ఒడ్డున వాళ్ళ వరిమళ్ళు. ప్రతి వానకీ గరువులోంచి రాళ్ళూ గులకా కొట్టుకొచ్చి ఆ మళ్ళలో పడేవి. ఇద్దరూ గంపలు పట్టుకుని రోజుల తరబడి వాటిని ఏరేవారు. అచ్చియమ్మ ఒక్కనాడూ విసుక్కోలేదు. నీ కొండ నా మడిలోకి కాపరానికి వచ్చేస్తోందని నవ్వేది. ఒకరి పనికి ఒకరు బదులు వెళ్ళడం, కలుపు తీస్తూ ఊళ్ళో సంగతులన్నీ దొర్లించుకోవడం పెళ్ళయిన నాటి నుంచీ వాళ్ళకి అలవాటు. కామేష్ పోయాక నెల రోజులూ గంగకి అంబలి పోసింది ఆమే.

ఆ మాఘమాసంలో ప్రకృతి వ్యవసాయం గురించి చెప్పడానికి స్వాతి అనే అమ్మాయి ఊరికి వచ్చింది. శృంగవరపుకోట దగ్గరి రైతుల బిడ్డ. బడి అరుగు మీద అందరినీ కూర్చోబెట్టి, బోసిగా ఉన్న నేలే కొట్టుకుపోతుందని, ఏడాది పొడుగునా ఏదో ఒక పచ్చదనం కప్పి ఉంచాలని, వానలకు ముందే రకరకాల గింజలు కలిపి పొడి నేలలో చల్లుకోవాలని చెప్పింది. మగవాళ్ళు విని, తలలూపి, లేచి వెళ్ళిపోయారు. గంగ కూర్చునే ఉంది. తన గరువు చూడమని అడిగింది.

స్వాతి పైకి వచ్చి చూసింది. ఒక గడ్డ పగలగొట్టి అరచేతిలో నలిపి, వాసన చూసింది. తరువాత మెల్లగా, ఇది తొందరగా అయ్యే పని కాదని, మూడో ఏటికి గాని తేడా తెలియదని, ముందు పంట సంగతి మరిచిపోయి మన్నుని చూసుకోవాలని చెప్పింది.

"ఒక్కరే చెయ్యగలరా పిన్నీ?" అని అడిగింది.

"ఒక్కదాన్నే కదమ్మా ఉన్నది," అంది గంగ.

ఆ వేసవి అంతా ఆమె రాళ్ళు మోసింది. వాలుకి అడ్డంగా వరసలు వరసలుగా పేర్చింది. కాఫీతోటల్లో రాలిన ఆకు గంపలతో తెచ్చి వాటి వెనక పోసింది. చుక్క పేడ, పంచితం, బెల్లం, పప్పుల పిండి కలిపి డ్రమ్ములో పులియబెట్టి చల్లింది. చైత్రంలో సామలు, చోళ్ళు, కందులు, బొబ్బర్లు, ఉలవలు, జనుము, వలిసెలు, ఇంకా ఇంట్లో దొరికిన గింజలన్నీ మన్నూ పేడా బూడిదా పట్టించి ఆరబెట్టి చల్లి, పైన గడ్డి కప్పింది. రెండు చినుకులు పడగానే మొలకలు వచ్చాయి. చుట్టూ కొండలన్నీ ఎండి బూడిదరంగులో ఉంటే, ఆమె గరువు ఒక్కటే పల్చగా పచ్చబడింది.

ఆ పచ్చదనం ఊళ్ళో పశువులన్నిటికీ కనిపించింది.

పంటలు ఇంటికి చేరాక పశువులను విడిచిపెట్టడం ఆ కొండల్లో ఎప్పటి నుంచో ఉన్నదే. తొలకరి దాకా అవి ఎక్కడ మేసినా ఎవరూ అడగరు. మేత దొరకని ఎండల్లో వాటిని కట్టెయ్యడం ఎవరి వల్లా కాదు. గంగ ముళ్ళకంపతో దడి కట్టింది. మేకలు కిందనుంచి దూరాయి, ఆవులు మీదనుంచి తొక్కుకుని వచ్చాయి. సగం మొలకలు పోయాయి. ఆమె ఊరి పెద్దల దగ్గరికి వెళ్ళి, ఈ రెండు నెలలూ పశువులను కట్టుకోమని అడిగింది. వాళ్ళు కసురుకోలేదు. ఆమె బాధ వాళ్ళకి అర్థమైంది. కానీ ఒక గరువు కోసం ఊరి మందలన్నిటినీ కట్టేస్తే వాటికి మేత ఎవరు కోసుకొస్తారని సోంబరే అడిగాడు.

ఇంటికి వచ్చి ఆమె కుండ, చాప, దుప్పటి సర్దుకుంది. చుక్కని తోలుకుని గరువులోకి వెళ్ళి చిన్న పాక వేసుకుంది. వానలు పడి అందరూ పశువులను కట్టేశాక దిగివద్దామనుకుంది. కానీ అప్పుడు కలుపు వచ్చింది, తరువాత కోత వచ్చింది. ఆ మొదటి ఏడు సామలు మోకాలెత్తు కూడా పెరగలేదు. పాక మాత్రం అలాగే ఉండిపోయింది. అచ్చియమ్మ అప్పుడప్పుడూ పైకి వచ్చి ఒక పూట పని చేసి, పాక చూసి, ఏటే ఈ సన్యాసం అని మందలించి వెళ్ళేది.

మళ్ళీ ఎండలు వచ్చాయి. ఈసారి మొలకలు ఒత్తుగా వచ్చాయి. గంగ పొద్దున్నించీ కర్ర పట్టుకుని దడి చుట్టూ తిరిగేది. ఒక మధ్యాహ్నం ఊట దగ్గర నీళ్ళు పట్టుకుని వచ్చేసరికి ఒక ఆవు చేలో ఉంది. అప్పటికే ఒక వరస అంతా మేసేసింది. గంగకి ఒళ్ళు మండింది. బిందె దింపి, చేతికి అందిన రాయి తీసి విసిరింది. రాయి ఆవు పక్కటెముకల మీద తగిలింది. అది బెదిరి దడి దాటి, పక్కవాళ్ళు అల్లానికి తవ్విపెట్టిన వదులు నేల మీదికి పరుగెత్తింది. అక్కడ కాళ్ళు నిలవలేదు. జారి, దొర్లి, గెడ్డ రాళ్ళ మీద పడింది.

గంగ దిగి వెళ్ళేసరికి దాని మెడ విరిగిపోయి ఉంది. అప్పుడు గుర్తుపట్టింది. అది అచ్చియమ్మ ఆవు. చూడితో ఉంది.

ఎవరూ చూడలేదు. కాలు జారి పడిందంటే అందరూ నమ్ముతారు. ఆ ఆలోచన గంగకి రాకపోలేదు. అయినా ఆమె తిన్నగా ఊళ్ళోకి నడిచింది. అచ్చియమ్మ వాకిట్లో చోళ్ళు చెరుగుతోంది.

"అక్కా, నీ ఆవుని రాయి పెట్టి కొట్టీసాను. జారిపోయి గెడ్డలో పడిపోనాది. సచ్చిపోనాది," అంది గంగ.

అచ్చియమ్మ చాట కింద పెట్టింది. గంగ మొహంలోకి చూసింది. తిడుతుందని, కొడుతుందని గంగ ఎదురుచూసింది. ఆమె లేచి, లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

బడి అరుగు మీద పెద్దలు కూర్చున్నారు. గంగ జరిగింది జరిగినట్టు చెప్పింది. చూడావు పోయింది కనక దూడతో ఉన్న ఆవుని ఇవ్వాలని తేల్చారు. ఆ తీర్పులో అన్యాయం లేదని గంగకి తెలుసు. చుక్క ఈని నెల కాలేదు. మర్నాడు పొద్దున్నే దాన్ని, దూడనీ తోలుకెళ్ళి అచ్చియమ్మ పశువులపాకలో కట్టేసి వచ్చింది. తిరిగి కొండెక్కుతుంటే చుక్క అరుపు చాలా దూరం వరకూ వినిపించింది.

అంతవరకూ ఆమె ఒంటరిగా ఉన్నాననుకోలేదు. సాయంత్రాలు చుక్కతో ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండేది. ఇప్పుడు కట్టుగుంజ దగ్గర ఖాళీ. పేడ లేదు, పంచితం లేదు. పశువులు నడిచే దారి వెంట గంప పట్టుకుని ఎండిన పేడ ఏరుకునేది. అది చాలక అడవిలో రాలిన ఆకు, చెదలు పట్టిన కట్టె, పీకిన కలుపు, ఏది దొరికితే అది తెచ్చి మొక్కల మధ్య పరిచేది. వానలు పడ్డాక కలుపుకి ఎవరూ బదులు రాలేదు. అచ్చియమ్మని కాదని గంగ చేలో దిగడానికి ఎవరికీ మొహం చెల్లలేదు. ఆమె కూడా ఎవరినీ పిలవలేదు.

పెద్దవాన పడిన మర్నాడు పైనుంచి చూస్తే, అచ్చియమ్మ ఒక్కతే మడిలో వంగి రాళ్ళు ఏరుతూ కనిపించింది. గంగ గంప తీసుకుని సగం దాకా దిగింది. అచ్చియమ్మ అలికిడి విన్నది. తల ఎత్తలేదు. గంగ అక్కడే ఒక బండ దగ్గర ఆగి, వచ్చిన దారినే వెనక్కి వెళ్ళింది.

గింజ పాలుపోసుకునే వేళకి పక్షులు వచ్చాయి. ఒకప్పుడు కొండ మొత్తం సామచేలే ఉండేవి కనక పక్షులు తలా కొంచెం తిని పోయేవి. మంచెల మీద కూర్చున్న వాళ్ళు ఒక చేను నుంచి ఇంకో చేనుకి కేకలేసుకుని పాటలు పాడుకునేవారు. గంగ పెళ్ళయిన కొత్తలో ఆ కేకలన్నీ విన్నది. ఇప్పుడు చుట్టూ అల్లం, నీలగిరి చెట్లు, పైన కాఫీ. గింజ ఉన్నది ఆమె చేలోనే. ఆ చుట్టుపక్కల పిచ్చుకలూ చిలకలూ అన్నీ అక్కడికే వచ్చాయి. తెల్లారింది మొదలు పొద్దు గూకేదాకా ఆమె ఒడిసెల తిప్పుతూ, డబ్బా కొడుతూ, అరుస్తూ మంచె మీద ఉండేది. అటు తోలితే ఇటు వాలేవి. మధ్యాహ్నం అంబలి తాగడానికి దిగితే ఆ కాసేపట్లోనే ఒక మూల ఖాళీ అయిపోయేది.

ఉప్పు అయిపోయి ఒకసారి అనంతగిరి సంతకు వెళ్ళింది. కింద మైదానం నుంచి వచ్చి అక్కడ దుకాణం పెట్టుకున్న భాస్కరరావు, ఈమధ్య కనిపించడం లేదేమని, ఏం కావాలని అడిగాడు. గంగ నోరు తెరిచింది. గొంతులోంచి గాలి తప్ప మాట రాలేదు. ఇన్నాళ్ళూ పక్షులను అదిలించడానికి తప్ప నోరు విప్పలేదని అప్పుడు తట్టింది. ఉప్పు బస్తా వైపు వేలు చూపించింది. ఆయన పొట్లం కట్టి ఇచ్చి, జలుబా అని అడిగాడు. ఆమె తలూపింది.

ఆ ఏడు పక్షులు తినగా మిగిలింది ఆమె ఒక్కదానికి సరిపోయింది.

మాఘంలో కందిమోళ్ళ మధ్య ఎండిన ఆకు పైకెత్తి చూస్తే, అడుగున మన్ను నల్లబడి ఉంది. చిన్న చిన్న ఉండలుగా, నలిపితే చెమ్మగా, వానపడ్డప్పుడు అడవిలో వచ్చే వాసనతో. ఆమె వేళ్ళు పెట్టి తవ్వింది. ఒక వానపాము మెలికలు తిరుగుతూ బయటికి వచ్చింది. ఇంకాస్త పక్కన ఇంకొకటి. ఎవరికైనా చూపించాలనిపించి లేచి నిలబడింది. చుట్టూ ఎవరూ లేరు. ఫోన్ పట్టుకుని ఊరి చివర వాటర్ ట్యాంకు దగ్గరికి దిగింది. సిగ్నల్ దొరికేది అక్కడే.

స్వాతికి అప్పటికి రాజవొమ్మంగి వైపు బదిలీ అయింది. చాలాసేపు మోగాక ఎత్తింది. మీటింగులో ఉన్నట్టుంది, వెనక మాటలు వినిపిస్తున్నాయి. గంగ గబగబా చెప్పింది. స్వాతి నిజంగానే సంతోషించింది. చాలా మంచి మాట పిన్నీ అని, ఫోటో తీసి పంపించమని, తరువాత తనే చేస్తానని పెట్టేసింది. గంగది బటన్ ఫోన్. దానికి ఫోటో రాదు. మళ్ళీ ఫోన్ వస్తుందేమోనని ఆమె ట్యాంకు గట్టు మీద చాలాసేపు కూర్చుంది. నీళ్ళకి వచ్చిన ఆడవాళ్ళు ఆమెను చూసి కొంచెం పక్కకి జరిగి బిందెలు నింపుకుని వెళ్ళారు.

మూడో వేసవిలో మందలను విడిచిన మొదటిరోజే చుక్క వచ్చింది. మిగతా ఆవులు దడి దగ్గర ఆగితే, అది తిన్నగా పాత సందులోంచి దూరి, చేను మధ్యలో నిలబడి మేయడం మొదలుపెట్టింది. గంగ కర్ర ఎత్తింది. అది తలెత్తి చూసింది. నుదుటి మీద తెల్ల మచ్చ, ఊగే చెవులు. గంగ కర్ర దించేసి, దాని మెడ మీద చెయ్యి వేసి నిలబడింది. అది జనుమూ బొబ్బర్లూ కడుపునిండా మేసింది. గంగ చూస్తూ ఉండిపోయింది. సాయంత్రం దాని మెడలో తాడు వేసి, తోలుకుని కిందికి దిగింది.

అచ్చియమ్మ వాకిట్లోనే ఉంది. గంగ గుమ్మం బయటే ఆగి తాడు చాపింది.

"సేలోకి వొచ్చీసిందక్కా. కొట్టనేదు."

అచ్చియమ్మ తాడు అందుకుంది. ఆవు పొట్టని చేత్తో తడిమి చూసింది. "మేపినట్టున్నావు," అంది.

"ఊఁ."

ఆ మర్నాటి నుంచి చుక్క ఒక్కటే మందతో రావడం మానేసింది. దాన్ని ఇంటి దగ్గరే కట్టి మేత వేస్తున్నారని గంగకి తరువాత తెలిసింది. అది తన మీద కోపమో, దయో ఆమెకి అంతుపట్టలేదు.

ఆ వర్షాకాలం చేను ఎప్పుడూ లేనంత బాగా వచ్చింది. కందిమొక్కల మధ్య సామ నడుమెత్తున లేచి కంకులు వంచింది. కోతకి వారం ఉందనగా సముద్రంలో వాయుగుండం పట్టింది. ముసురు మొదలై, గాలి తోడై, పగలూ రాత్రీ తెరిపి లేకుండా కురిసింది. పాక ఒక పక్కకి ఒరిగిపోతే గంగ ఒక బండ చాటున దుప్పటి కప్పుకుని కూర్చుంది. ఎదుటి కొండ మీద అల్లం చేలు దిగిపోతున్న చప్పుడు బండి రాళ్ళ మీద దొర్లినట్టు వినిపించింది. తన చేను కూడా వెళ్ళిపోతుందనుకుంది. చీకట్లో కనిపించదు. చెవి ఒగ్గి వింటూ కూర్చుంది.

వాన వెలిసిన పొద్దున లేచి చూస్తే రాళ్ళ వరసలు వేటి చోట అవి ఉన్నాయి. మన్ను ఉంది. కానీ చేను మొత్తం పడిపోయింది. కంకులన్నీ తడి నేల మీద పరుచుకుని ఉన్నాయి. ఒకటి రెండు రోజుల్లో కోసి ఆరబెట్టకపోతే గింజ కంకిలోనే మొలకెత్తుతుంది. ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు. గంగ ఆ మూలకీ ఈ మూలకీ చూసింది. అలవాటు కొద్దీ ఒక దుబ్బు పైకెత్తి నిలబెట్టింది. వదలగానే అది మళ్ళీ పడిపోయింది.

అప్పుడే కింద అచ్చియమ్మ గంప, పార పట్టుకుని వరిమళ్ళకి వచ్చింది. రెండు పక్కలా ఉన్న మళ్ళు బురదా బండరాళ్ళతో పూడిపోయాయి. వాటి యజమానులు గట్ల మీద చతికిలబడి ఉన్నారు. తన మడి దగ్గరికి వచ్చి ఆమె ఆగింది. వరి నీళ్ళలో నిలబడి ఉంది. కొత్తగా వచ్చిన రాయి ఒక్కటీ కనిపించలేదు. గట్టు తెగిన చోట నీళ్ళు ఇంకా దిగుతున్నాయి. ఆమె ఆ నీళ్ళ వెంట చూపు పైకి పోనిచ్చి, మెల్లగా కొండెక్కడం మొదలుపెట్టింది.

అలికిడికి గంగ తిరిగి చూసేసరికి అచ్చియమ్మ దడి అవతల ఉంది. ఏడాది పైగా ఆమె ఆ గరువుకి రాలేదు.

"నా మళ్ళోకి రాయి రానేదు," అంది అచ్చియమ్మ.

"నేదా."

"నీళ్ళే వొచ్చాయి. తేటగా వొచ్చాయి."

ఆమె దడి దాటి లోపలికి వచ్చింది. ఒక రాళ్ళ వరస వెనక వంగి, తడిసిన ఆకు పక్కకి తీసి, మన్నులోకి చెయ్యి దూర్చింది. మణికట్టు దాకా దిగింది. ఒక గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. తరువాత పడిపోయిన చేను వైపు చూసి, చెయ్యి కొంగుకి తుడుచుకుని దిగి వెళ్ళిపోయింది.

గంగ ఆమె వెళ్ళిన వైపు చూడకుండా కొడవలి తీసి ఒక కొస నుంచి కోయడం మొదలుపెట్టింది. నాలుగు దుబ్బులు కోసేసరికి కళ్ళు మసకబారాయి. తుడుచుకోకుండానే కోసింది. నడి పొద్దుకి ముందు మళ్ళీ అడుగుల చప్పుడు అయింది. అచ్చియమ్మ చేతిలో కొడవలి, నెత్తి మీద అంబలి కుండ.

"నువ్వా కొసనుంచి రా. నానిటునుంచి వత్తాను. బేగి కానీ, మబ్బు మళ్ళీ పడతన్నాది," అంది.

ఆ రోజూ, మర్నాడూ ఇద్దరే కోశారు. సోంబరు రాలేదు. ఊళ్ళో ఇంకెవరూ రాలేదు. వాళ్ళ మళ్ళలో వాళ్ళకే చేతినిండా పని ఉంది. కొంత గింజ అప్పటికే మొలక వేసింది, చాలావరకు దక్కింది. రెండోనాటి సాయంత్రం కట్టలు కడుతూ అచ్చియమ్మ తల ఎత్తకుండా అంది.

"గంగా, ఆ ఆవుని నాను మర్సిపోనేదు."

"మర్సిపొమ్మని నానడగనక్కా."

"మర్సిపోను కూడాను. కడుపుతోటి ఉన్నాది అది." ఆమె తాడు బిగించి ముడి వేసింది. "ఈ మాట నీతోటి అనాలని నిరుటినుంచీ అనుకుంటన్నాను. మాటాడకపోతే ఎలాగ అంటాను?"

గంగ కట్ట పట్టుకుని నిలబడిపోయింది. అచ్చియమ్మ ఆమె చేతిలోని కట్ట తీసుకుని కుప్ప మీద వేసింది. వెళ్తూ వెళ్తూ, చుక్క పేడ వాకిట్లో కుప్పగా పడి ఉందని, గంపతో వచ్చి పట్టుకెళ్ళమని చెప్పింది.

సామ కొత్తకి అచ్చియమ్మ గంగని ఇంటికి పిలిచింది. కొత్త సామలు వండి కొండదేవతకి పెట్టాక అందరూ తినే పండగ అది. కొన్నేళ్ళుగా ఊళ్ళో సామలు లేక సంతలో కొన్న బియ్యంతోనే అయ్యిందనిపిస్తున్నారు. ఈసారి గంగ పండించిన సామలు వండారు. ఇంటి నిండా చుట్టాలు. గంగ గోడవారగా కూర్చుని ఆకులో పెట్టింది తింటోంది. చుట్టూ మాటలు జోరుగా సాగుతున్నాయి. ఎవరి కూతురికో పెళ్ళి కుదిరిందట. ఎవరో కొత్తగా ఇల్లు వేస్తున్నారట. ఎవరి గురించి మాట్లాడుతున్నారో సగం ఆమెకి అర్థం కాలేదు. సోంబరు ఆమె దగ్గరికి వచ్చి, ఈ ఎండల్లో తన మందని కట్టేసుకుంటానని, మిగిలినవాళ్ళ సంగతి తాను చెప్పలేనని అన్నాడు. చుట్టుపక్కల ఉన్నవాళ్ళు విననట్టు తింటున్నారు. గాలివాన ఎదుటి కొండనే కొట్టిందని, గంగ గరువు చాటుగా ఉండబట్టి నిలిచిందని ఊళ్ళో చాలామంది నమ్ముతున్నారు.

తినడం సగంలో ఉండగా ఎవరో ముసలి బుద్రమ్మ లేని లోటు గురించి అన్నారు. ఆమె ఉంటే ఈపాటికి పాట ఎత్తుకునేదని.

"బుద్రమ్మత్తకి ఏటయ్యింది?" అని అడిగింది గంగ.

అచ్చియమ్మ గంగ వైపు చూసి, శ్రావణంలోనే పోయిందని నెమ్మదిగా చెప్పింది. గంగకి తెలుసునని అందరూ అనుకున్నారు. వానల హోరులో డప్పు కొండ మీదకి వినిపించలేదు. బుద్రమ్మ గంగని పెళ్ళికూతుర్ని చేసిన మనిషి. కడుపు పోయిన రోజున పక్కన కూర్చుని ఒళ్ళు రాసిన మనిషి. ఆమెని మట్టి చేసి మూడు నెలలవుతోంది. గంగ ఆకులోని అన్నం అలాగే వదిలి చెయ్యి కడుక్కుంది.

ఇంక దిగి వచ్చెయ్యమని ఆ సాయంత్రం అచ్చియమ్మ అడిగింది. గంగ ఒప్పుకుని తన ఇల్లు తెరిచింది. పెంకులు జారి, గోడ మూల చెమ్మపట్టి ఉంది. ఊడ్చి చాప వేసుకుంది. పక్క ఇళ్ళలో టీవీ, పిల్లల ఏడుపు, ఎవరివో నవ్వులు. వాటిని వినాలనే ఇన్నాళ్ళూ అనుకుంది. ఇప్పుడు వింటుంటే ఎవరింట్లోనో అనుకోకుండా చొరబడినట్టుగా అనిపించింది.

పొద్దున్నే ఒక చాటలో కొత్త సామలు పోసుకుని బుద్రమ్మ కూతురి ఇంటికి వెళ్ళింది. ఆమె పొయ్యి అలుకుతోంది. గంగని చూసి లేచి నిలబడింది.

"ఇప్పుడొచ్చావేటి వదినా?" అంది.

"నాకిప్పుడే తెలిసింది."

బుద్రమ్మ కూతురు చేతులు కడుక్కుని వచ్చి పీట వేసింది. తల్లి ఎలా పోయిందో మొదటి నుంచి చెప్పింది. అందరికీ చెప్పి చెప్పి అరిగిపోయిన మాటలే అయినా, గంగ కోసం ఏదీ వదలకుండా చెప్పింది. మధ్యలో ఒకసారి ఇద్దరూ ఏడ్చారు. మూడు నెలల తరువాత ఆ ఇంట్లో ఏడుపు విని పక్కింటివాళ్ళు తొంగిచూసి వెళ్ళారు.

చాట ఖాళీ చేసి ఇస్తూ, గింజలు బాగున్నాయని, కొన్ని విత్తనానికి ఉంచుకుంటానని ఆమె అంది. గంగ తలూపింది. ఎప్పుడైనా వస్తూ ఉండమని గుమ్మం దాకా వచ్చి చెప్పింది. వస్తానంది గంగ. చేలో కందులు ఇంకా పూతలోనే ఉన్నాయి, పాక తిరిగి నిలబెట్టుకోవాలి. ఇంటికి తాళం వేసి, చాట చంకన పెట్టుకుని ఆమె కొండ దారి పట్టింది.